ఉస్తాద్ పావురాలు, నా కెమెరా

హుస్సేనీ ఆలంలో పెరడున్న ఇల్లు ఇంకా ఒకటి మిగిలి ఉన్నదంటే వినేవారు నమ్మరు. చార్మినారు దగ్గర లాడ్ బజారులో ప్రవేశించి, గాజుల తళుకుల మధ్యగా పడమటికి నడిచి, మహబూబ్ చౌక్ గడియార స్తంభం దాటి వస్తే మా పేట. ఇరుకు సందులు, ఒకదాని భుజంపై ఒకటి చేయి వేసినట్లు నిలబడ్డ మేడలు. అటువంటి చోట మా తాతగారు కట్టించిన ఇంటి వెనుక ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు గల నేల నాకు దక్కింది. అందులో ఒక వేపచెట్టు, ఒక జామచెట్టు, ఒక దానిమ్మ, ఏపుగా పెరిగిన కరివేపాకు చెట్టు, ఇనుప జాలీ మూత వేసిన పాత చేదబావి ఉన్నాయి. మా అబ్బాయి వచ్చినప్పుడల్లా ఆ స్థలంలో రెండు గదులు వేయిద్దామంటాడు. నేను వినిపించుకోను. చెవుడు వచ్చిందని అనుకొంటున్నాడేమో తెలియదు.

2016లో ఉద్యోగ విరమణ చేసిన తరువాత మొదటి ఆరునెలలు నాకు ఏమీ తోచలేదు. నలభై ఏళ్ల పాటు రోజుకు అరవై, డెబ్బై మంది రోగులను చూసిన మనిషికి ఒక్కసారిగా ఉదయం పదింటికి చేతులు ఖాళీ అయితే ఎలా ఉంటుందో అనుభవించినవారికే తెలుస్తుంది. అప్పుడు మా ఫోటో స్టూడియో భాయి ఒక జూమ్ కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాతదే, ఎవరో అమ్మివేసినది. "డాక్టర్ సాబ్, ఇన్నేళ్లూ ఎక్స్‌రేలు చూశారు. ఇక రంగుల్లో చూడండి" అన్నాడు. మా పేటలో ముప్పై ఏళ్లుగా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తున్న ఆ భాయి తనను తాను రాజా దీన్‌దయాళ్ పరంపరవాడినని చెప్పుకొంటాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేత 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందిన దీన్‌దయాళ్‌కూ ఇతనికీ ఉన్న సంబంధమేమిటో మేమెవరమూ అడగలేదు. స్నేహంలో కొన్ని మాటలను అడగకుండా ఒప్పుకోవాలి.

అలా ఆదివారం ఉదయపు కూటమి మొదలయింది. స్టూడియో భాయి, కళాశాలలో తెలుగు చెప్పి విరమించిన మాస్టారు, గోడ అవతలి ఇంటి ఉస్తాద్, నేను. ఆరున్నరకల్లా పెరట్లో నాలుగు కుర్చీలు, ఫ్లాస్కులో చాయ్, ఒక పొట్లం ఉస్మానియా బిస్కట్లు. మాస్టారికి కెమెరా ముట్టుకోవడం ఇష్టం లేదు. ఆయన నోటుబుక్కు మనిషి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ 1931, 32 సంవత్సరాలలో హైదరాబాదు సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడని ఎక్కడో చదివి, తాను మా పెరటికి సలీం అలీనని ప్రకటించుకొన్నారు. ఏ తేదీన ఏ పిట్ట వచ్చిందో, ఏ కొమ్మపై వాలిందో అన్నీ వ్రాస్తారు. ఆయన లెక్క ప్రకారం ఆ ఆరువందల చదరపు అడుగుల నేలలో ఇప్పటికి ముప్పై ఒక్క రకాల పక్షులు కనిపించాయి. అందులో ఒకటి పక్కింటివారి పంజరం నుండి తప్పించుకొన్న చిలుక అని నా వాదన. ఆయన కొట్టివేయరు.

జంతువులంటే పులులూ ఏనుగులే అనుకొనేవారు ఒకసారి కరివేపాకు చెట్టు దగ్గర గంటసేపు కూర్చోవాలి. దాని ఆకులపై నిమ్మజాతి సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పొదిగిన పురుగు మొదట్లో అచ్చంగా పిట్ట రెట్టలా, నలుపూ తెలుపూ కలిసి ఉంటుంది. ఏ పక్షీ దానిని తినాలనుకోదు. పెద్దదయ్యేసరికి ఆకుపచ్చగా మారి ఆకులలో కలిసిపోతుంది. ఈ వేషం మార్పును వరుసగా పన్నెండు రోజులు ఫోటోలు తీశాను. పన్నెండవ రోజు పిగిలిపిట్ట వచ్చి నా కథానాయకుణ్ణి నోట కరచుకొని పోయింది. ఆ ఫోటో కూడా నా దగ్గర ఉంది, కాస్త అదిరింది. దానిమ్మపూలకు వచ్చే తేనెపిట్ట, బావిగట్టుపై ఎండ కాచుకొనే తొండ, జామకాయను సగం కొరికి మా నెత్తిన పడవేసే ఉడుతలు, వర్షాకాలంలో ఏ కలుగులోంచో వచ్చి వెళ్లే ముంగిస, సాయంకాలం వేపపండ్లకై వచ్చే గబ్బిలాలు, వీటన్నింటినీ తీశాను. ఎగిరే పిట్టను పట్టుకోవాలంటే షట్టరు వేగం సెకనులో వెయ్యో వంతు ఉండాలని, వెలుతురు ముఖంపై పడేకంటే వెనుకనుండి వస్తే ఈకల అంచు మెరుస్తుందని స్టూడియో భాయి నేర్పాడు. ఈ రెండవ పాఠం ముందుముందు పనికివస్తుందని అప్పుడు నాకు తెలియదు.

మధ్యలో ఒక మాట. పిట్టలకు మట్టి మూకుడులో నీళ్లు పెట్టేవారు రెండు మూడు రోజులకొకసారి ఆ నీటిని పారబోసి, మూకుడు లోపలి గోడను గట్టిగా రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడకే అంటుకొని ఉంటాయి. గుడ్డు దోమ కావడానికి వారం, పదిరోజులు చాలు.

ఇక ఉస్తాద్ సంగతి. ఆయన పేరు అందరికీ తెలిసినా పేటలో ఎవరూ పేరుతో పిలవరు. పావురాలను ఎగురవేయడంలో చేయి తిరిగినవారిని ఇక్కడ ఉస్తాద్ అంటారు. కబూతర్‌బాజీ పాతబస్తీకి కొత్త కాదు. మా హుస్సేనీ ఆలంలోనే కబూతర్‌ఖానా అనే చోటు ఉంది; గోడనిండా గూళ్లతో పావురాల కోసమే కట్టిన పాత కట్టడం అది. రెండువందల ఏళ్ల నాటిదని పెద్దలు చెప్పేవారు. చిన్నప్పుడు దాని ముందునుంచి వెళుతూ, మనుషులకు ఇళ్లు చాలని చోట పావురాలకు మేడ ఎవరు కట్టించారా అని ఆశ్చర్యపోయేవాణ్ణి.

ఉస్తాద్ తాత, తండ్రి పావురాలను పెంచినవారే. ఆయనకు అరవై దాకా పక్షులుండేవి. ఎత్తుకు పోయి గంటల తరబడి తిరిగే గిరెబాజ్‌లు, నెమలిలా తోక విప్పే లక్కాలు. మేడపై చెక్కతో, జాలీతో కట్టిన గూడు. ఉదయం తలుపు తీసి, వెదురు గడకు కట్టిన గుడ్డ ఊపి, నోట్లో వేలు పెట్టి ఈల వేసేవాడు. గుంపు గుంపంతా ఒక్కసారి లేచి మక్కా మసీదు వైపు తిరిగి, వెలుగులో తెల్లగా మెరిసి, మళ్లీ మా నెత్తిమీదుగా వచ్చేది. "ఆవ్, ఆవ్" అని పిలిస్తే దిగేవి. సజ్జలు, జొన్నలు చల్లేవాడు. పైన ఎంత ఎత్తున ఉన్నా, ఫలానా చుక్క ఫలానా పావురమని చెప్పేవాడు. నా కెమెరాలో పెద్దది చేసి చూస్తే ప్రతిసారీ ఆయన చెప్పినదే నిజమయ్యేది.

2021 జనవరిలో ఒక ఉదయం నేను తీసిన ఫోటో మా కూటమిలో ప్రసిద్ధి పొందింది. సూర్యుడు అప్పుడే మేడల పైకి వచ్చాడు. నేను నీడవైపున నిలబడి ఉన్నాను. ఉస్తాద్ గూడు తలుపు తీసి లోపలికి వంగాడు. పావురాలు రెక్కలు కొట్టుకొంటూ ఆయన తల చుట్టూ లేచాయి. ఎదురు వెలుగులో ఆ రెక్కల నుండి లేచిన ధూళి బంగారు పొగలా మెరిసింది. మధ్యలో ఆయన ముఖం, కళ్లు సగం మూసి, నవ్వుతూ. మాస్టారు సాంబ్రాణి ధూమంలో ఉన్న యోగిలా ఉన్నాడన్నారు. స్టూడియో భాయి దానిని పెద్దదిగా ముద్రించి, చట్టం కట్టించి, తన దుకాణంలో పెళ్లి ఫోటోల నడుమ వేలాడదీశాడు. నాకు ఎంత గర్వమో! అమెరికాలోని మనుమరాలికి కూడా పంపాను. ఆ పొగ ఏమిటని నాకు నేను ఒక్కసారి కూడా ప్రశ్న వేసుకోలేదు.

అప్పటికే ఉస్తాద్ దగ్గుతున్నాడు. పొడి దగ్గు. ఆయన బీడీ, సిగరెట్టు ముట్టినవాడు కాదు. పాతబస్తీలో దగ్గని మనిషి ఎక్కడ ఉన్నాడని నేనే తేలికగా కొట్టివేశాను. రెండుసార్లు దగ్గుమందు వ్రాసి ఇచ్చాను. చాయ్ తాగుతూ, బిస్కట్ల పొట్లం కాగితంపై! ఆ కాగితం గుర్తుకు వచ్చినప్పుడల్లా ఇప్పటికీ తలవంపుగా ఉంటుంది. ఆ మధ్య ఒకచోట ఎక్స్‌రేలో మచ్చలు చూసి, కఫంలో క్రిమి కనిపించకపోయినా, క్షయ మందులు ఆరునెలలు వాడించారు. మందులు వాడుతూ ఉండగా గుల్బర్గాలో మేనకోడలి పెళ్లికి వెళ్లి పదిరోజులుండి వచ్చాడు. "అక్కడ దగ్గే లేదు డాక్టర్ సాబ్, మందులు పని చేశాయి" అన్నాడు. నేను సంతోషించాను. వచ్చిన వారానికి దగ్గు తిరిగి వచ్చింది. ఈ ఒక్క ముక్క వైద్య విద్యార్థి ఎవరైనా చెబితే, నేను అక్కడికక్కడే ఆగి పది ప్రశ్నలు వేసి ఉండేవాణ్ణి. స్నేహితుడు చెబితే వినేసి చాయ్ పోశాను.

2022 డిసెంబరు చివరి ఆదివారం. ఉస్తాద్ ఒక కొత్త పావురాన్ని చేతిలో పట్టుకొని గోడ అవతలినుండి చూపించాడు. పొగరంగు మెడ, ఎర్రని కన్ను. నేను నాలుగు ఫోటోలు తీశాను. దాని కాలికి ఉన్న ఉంగరం ఆకుపచ్చదా, నీలమా అని ఆ తరువాత మాస్టారికీ స్టూడియో భాయికీ వాదం వచ్చింది. ఓడినవారు వచ్చేవారం పాయా నహారీ తినిపించాలని పందెం. తీర్పరిని నేను.

రాత్రి భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చొని ఫోటోను పెద్దది చేశాను. ఉంగరం ఆకుపచ్చదే. దాని పక్కనే ఉస్తాద్ బొటనవేలు ఉంది. ఉంగరం కోసం పెద్దది చేసినందువల్ల వేలు కూడా తెరనిండా వచ్చింది. గోరు చేతి గడియారం అద్దంలా ఉబ్బి ఉంది. గోరు మొదలుకూ చర్మానికీ మధ్య సహజంగా ఉండవలసిన పల్లం లేదు. చూపుడు వేలు కొస డోలు పుల్లలా లావుగా ఉంది.

దీనిని క్లబ్బింగ్ అంటాము. హిప్పోక్రటీస్ కాలం నుండి వైద్యులకు తెలిసిన చిహ్నం. ఊపిరితిత్తుల క్యాన్సరు, దీర్ఘకాలపు చీము, ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులు, కొన్ని గుండె, కాలేయ వ్యాధుల్లో వస్తుంది. మీరు కూడా ఇప్పుడే చూసుకోవచ్చు: రెండు చేతుల చూపుడు వేళ్ల గోళ్లను వీపుకు వీపు ఆనించి వెలుగు వైపు పట్టండి. గోళ్ల మొదళ్ల మధ్య చిన్న వజ్రాకారపు సందు కనిపించాలి. అది మూసుకొనిపోయి ఉంటే వైద్యుణ్ణి కలవండి. దక్షిణాఫ్రికాకు చెందిన హృద్రోగ నిపుణుడు లియో షామ్రోత్ 1976లో ఈ పరీక్షను వివరించాడు. తనకే గుండె కవాటాల ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తన వేళ్లను చూసుకొని కనిపెట్టాడు. ఆయన తన వేళ్లు తాను చూసుకొన్నాడు. నేను వారం వారం ఎదురుగా ఉన్న వేళ్లను, అవి నాకు చాయ్ గ్లాసు అందిస్తున్నా, చూడలేదు.

ఆ రాత్రి నిద్రపోలేదు. పాత ఫోటోల ఫోల్డర్లన్నీ తెరిచాను. ఫోటోకు తేదీ ఉంటుంది కదా, అది అబద్ధమాడదు. 2017లో ఉస్తాద్ గూటికి వేసిన నిచ్చెన ఎక్కుతూ ఒక చేతిలో నీళ్ల బకెట్టు పట్టుకొని ఉన్నాడు. 2019లో నిచ్చెన మధ్యలో ఆగి కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. ఆ నవ్వు నాకోసం కాదని, ఊపిరి కోసం ఆగాడని ఇప్పుడు తెలుస్తున్నది. 2021లో నిచ్చెనపై మనుమడు, ఉస్తాద్ కింద. 2022లో ఆయన ప్రతి ఫోటోలోనూ కూర్చొనే ఉన్నాడు. గొంతు దగ్గర ఎముకలు తేలాయి, చొక్కా కాలరు వదులైంది. ఈల వేస్తున్న ఫోటో కోసం వెతికాను. 2020 మార్చి తరువాత ఒక్కటీ లేదు. ఐదేళ్ల రోగ చరిత్రను తేదీలతో సహా నా చేతులతో నేనే వ్రాసి పెట్టుకొని, ఒక్కసారి కూడా చదవలేదు. ప్రతి ఫోటోలో పావురం మాత్రం స్పష్టంగా ఉంది.

తెల్లవారి స్టెతస్కోపు, కరోనా రోజుల్లో కొని బీరువాలో పడేసిన పల్స్ ఆక్సీమీటరు తీసుకొని వెళ్లాను. కూర్చొన్నప్పుడు ఆక్సిజన్ 95 ఉంది. మేడమెట్లు ఒకసారి ఎక్కి దిగమన్నాను. 86కు పడిపోయింది. వీపుపై, ఊపిరితిత్తుల అడుగు భాగాన స్టెతస్కోపు పెడితే పిల్లల బూట్ల వెల్‌క్రో పట్టీని నెమ్మదిగా ఊడదీస్తున్నట్లు చిటచిట ధ్వని. భాభీని అడిగాను: గూడు ఊడ్చిన రోజున ఏమవుతుందని. "మధ్యాహ్నం ఊడుస్తారు. రాత్రికి ఒళ్లు వెచ్చబడి వణుకుతారు, పొద్దున్నకు తగ్గుతుంది. గాలి సోకిందంటారు" అన్నది. ఎన్నేళ్లుగా అంటే వ్రేళ్లు లెక్కపెట్టి, ఆరేడేళ్లన్నది.

ఊపిరితిత్తుల నిపుణుడైన నా పాత విద్యార్థి సీటీ స్కాను చేయించి, శ్వాస పరీక్షలు చేసి, నేను భయపడిన మాటే చెప్పాడు: హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాలు పెంచేవారిలో వచ్చే రూపాన్ని 1965లో అమెరికా వైద్యులు పావురాల పెంపకందారుల ఊపిరితిత్తి జబ్బు అనే పేరుతో వర్ణించారు. ఇది అంటువ్యాధి కాదు. క్రిమి లోపల పెరిగి చేసేదీ కాదు. పావురం ఈకలకు మైనం వంటి అతి సన్నని పొడి ఉంటుంది. రెట్టలో, ఈకల పొడిలో పక్షికి చెందిన ప్రోటీన్లు ఉంటాయి. ఎండిన రెట్టను చీపురుతో ఊడ్చినప్పుడు, పక్షులు రెక్కలు కొట్టినప్పుడు ఇవి గాలిలో కలిసి ఊపిరితిత్తుల చివరి గాలిసంచుల దాకా పోతాయి. కొందరి శరీరం వాటిని శత్రువులుగా ఎంచి యుద్ధం మొదలు పెడుతుంది. ఊడ్చిన నాలుగు నుండి ఎనిమిది గంటలకు జ్వరం, చలి, దగ్గు వచ్చి ఒకటి రెండు రోజులలో తగ్గిపోవడం తొలిదశ లక్షణం. రోజూ కొంచెం కొంచెంగా పీల్చేవారిలో జ్వరం కూడా ఉండదు. ఊపిరితిత్తి నెమ్మదిగా మచ్చకట్టి గట్టిపడుతుంది. గట్టిపడిన భాగం తిరిగి మెత్తబడదు. మెక్సికోలో పావురాల వల్ల ఈ జబ్బు వచ్చినవారిని పరిశీలించి 1990లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి వేళ్లలో ఈ క్లబ్బింగ్ ఉంది. ఉన్నవారిలో జబ్బు ముదిరే అవకాశం ఎక్కువగా కనిపించింది.

పావురాలున్న వారందరికీ ఇది రాదు. ఎందుకు ఒకరికి వచ్చి మరొకరికి రాదో తేల్చడం కష్టం. ఉస్తాద్ తండ్రి ఎనభై ఏళ్లు బ్రతికాడు. కాని మన దేశంలో ఇది అరుదైన జబ్బు మాత్రం కాదు. 19 నగరాల ఆసుపత్రులు కలిసి ఊపిరితిత్తుల కణజాలపు జబ్బులున్న 1,084 మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన రిజిస్ట్రీలో 47 శాతం మందికి ఉన్నది ఇదే. వారిలో దాదాపు సగం మంది ఇళ్లలో ఎయిర్ కూలర్లు ఉన్నాయి. కూలరు గడ్డిలో పెరిగే బూజు కూడా పావురం పొడిలాగే పని చేయగలదు. వేసవి రాగానే పాత గడ్డితోనే కూలరు తిప్పేవారు ఈ వాక్యాన్ని మరొకసారి చదవండి.

మందు ఏమిటని ఉస్తాద్ అడిగాడు. ముందు పావురాలు ఇంట్లోనుండి పోవాలని చెప్పాను. మాస్కు కట్టుకొంటానన్నాడు. చాలదన్నాను. గూడును మనుమడు చూసుకొంటాడన్నాడు. ఆ పదేళ్ల పిల్లవాడి ఊపిరితిత్తులు ఎవరివని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు:

"డాక్టర్ సాబ్, అబ్బాజాన్ పోయే ముందు ఇల్లు ఎవరికో, దుకాణం ఎవరికో చెప్పలేదు. కబూతర్లు నాకని చెప్పాడు. మీరు ఇప్పుడు వదిలేయమంటున్నారు."

నాకు జవాబు తోచలేదు. అప్పటివరకు మౌనంగా ఉన్న భాభీ, కొంగుతో ముఖం తుడుచుకొని, "అబ్బాజాన్ కబూతర్లను ఇచ్చారు, ప్రాణం తీసుకోమనలేదు" అన్నది. ఆ మాట తరువాత ఆయన ఒప్పుకొన్నాడు. నా నలభై ఏళ్ల వైద్యం చేయలేని పని అది.

ఒప్పుకోవడం ఒక ఎత్తు, పంపడం మరొక ఎత్తు. అరవై పావురాలను ఎవరికి ఇస్తారు? మొదట మహబూబ్ చౌక్‌లో పక్షులు అమ్మేవారికి ఇరవై ఇచ్చాడు. కొన్నవారు రెండురోజులలో తెరిచి వదిలారు. పద్నాలుగు సాయంత్రానికల్లా మళ్లీ ఆయన మేడపై ఉన్నాయి. పావురం ఇల్లు మరచిపోదు. ఇల్లు మరవని గుణం కోసమే కదా తరతరాలుగా వాటిని ఏరి ఏరి పెంచినది! శంషాబాదు దగ్గర ఒక తోటకు పంపినవి కూడా వారంలోగా వచ్చాయి. చివరికి జహీరాబాదులో ఉన్న బంధువు అన్నింటినీ తీసుకొని వెళ్లి, కొన్ని వారాలపాటు మూసిన గూటిలోనే ఉంచి, అక్కడే జంటలు కట్టి గుడ్లు పెట్టిన తరువాతనే తెరిచాడు. ఆటోలో బుట్టలు ఎక్కిస్తున్నప్పుడు స్టూడియో భాయి ఫోటో తీయబోయాడు. మాస్టారు చేయి అడ్డుపెట్టారు. ఆ రోజు ఫోటో ఒక్కటీ లేదు.

పక్షులు పోయినంత మాత్రాన ఇల్లు శుభ్రమైనట్లు కాదు. వాటి ప్రోటీను గోడలపై, పరుపులలో, తెరలలో నెలల తరబడి ఉంటుంది. గూడును కూలీలు విప్పారు. ఎండిన రెట్టను ఊడ్వకుండా ముందు నీటితో తడిపి, మాస్కులు వేసుకొని ఎత్తించాము. ఆ పదిరోజులూ ఉస్తాద్, భాభీ, మనుమడు మా ఇంట్లో ఉన్నారు. సున్నం వేయించారు, పాత దూది పరుపులు మార్చారు. స్టెరాయిడ్ మాత్రలు కొన్ని నెలలు పడ్డాయి. వాటివల్ల చక్కెర పెరిగి అదొక బాధ. మొదట ఆయన ఊపిరి సామర్థ్యం ఉండవలసినదానిలో 58 శాతం ఉండేది. ఏడాదిన్నర తరువాత 63. ఎక్కువేమీ కాదు. కాని తగ్గడం ఆగింది. మేడమెట్లు ఒకసారి ఆగి ఎక్కుతాడు. ఈల రాలేదు.

మీకు చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. మూడు వారాలకు మించిన పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉండి వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు, ఆయన అడగకపోయినా మీరే చెప్పండి: ఇంట్లో పావురాలు, చిలుకలు, ప్రేమపక్షులు ఉన్నాయా, కిటికీ అంచున పావురాలు గూడు పెట్టాయా, కూలరు వాడుతున్నారా, ఊరు వెళితే దగ్గు తగ్గుతున్నదా. ఈ చివరి ప్రశ్న ఒక్కటే సగం రోగనిర్ధారణ చేస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఏసీ యంత్రం వెనుక పేరుకొన్న రెట్టను పొడిగా గీకవద్దు, పనిమనిషి చేత గీకించవద్దు, ఆమెకూ ఊపిరితిత్తులున్నాయి. తడిపి, మాస్కు వేసుకొని తీసి, తరువాత వల కట్టించండి.

2025లో ముంబయిలో కబూతర్‌ఖానాలను మూసివేయాలన్న ఆదేశాలు, దాదర్‌లో దానిపై జరిగిన ఆందోళనలు పత్రికలలో చదివినప్పుడు మా కూటమిలో పెద్ద చర్చ జరిగింది. గింజలు వేయడం పుణ్యమనే మాస్టారు, ఊపిరితిత్తుల మాట ఎత్తే నేను. ఇద్దరి మాటా విని ఉస్తాద్, "కబూతర్ తప్పేముంది? ఇరుకు మనది" అని ఊరుకొన్నాడు.

ఇప్పుడు కూడా ఆదివారం మా పెరట్లో నాలుగు కుర్చీలే. పంజరాలు, గూళ్లు లేని ఆరుబయట, దూరంనుంచి తేనెపిట్టను చూడడానికి అడ్డు చెప్పవలసిన అవసరం లేదని నిపుణుడు అన్నాడు. గింజలు చల్లడం మాత్రం మానేశాము. బండపావురాలు గుంపులుగా దిగకూడదు కదా. ఉస్తాద్‌కు నా పాత కెమెరా ఇచ్చాను. మొదట తీసుకోలేదు. తరువాత ఒకరోజు కరివేపాకు ఆకుపై పురుగును తీసి, "ఇది రెట్ట కాదు, ఇది ప్రాణి" అని మాస్టారికి చూపించి పందెం గెలిచాడు. నహారీ తిన్నాము. స్టూడియోలోని ఆ బంగారు పొగ ఫోటోను దింపివేయమని నేనే అడిగాను. ఉస్తాద్ వద్దన్నాడు. అది ఇంకా పెళ్లి ఫోటోల నడుమనే ఉంది.

పోయిన నెల ఒక ఉదయం ఆయన కెమెరా నా ముందు పెట్టాడు. తెరపై నీలాకాశం, ఒక మూల మసకగా ఒక నల్లని చుక్క. పెద్దది చేసినా రెక్కలున్నాయని తప్ప ఏమీ తెలియడం లేదు. ఏమిటిదని అడిగాను.

"పొగరంగు మెడది, డాక్టర్ సాబ్. ఆకుపచ్చ ఉంగరం. జహీరాబాదు నుండి వచ్చింది. మేడపైన మూడు చుట్లు తిరిగింది, గూడు లేదు కదా, దిగలేదు."

పిలిచారా అని అడిగాను.

"లేదు" అన్నాడు. చాయ్ గ్లాసు అందుకోవడానికి చేయి చాచాడు. నేను ముందు వేళ్లు చూశాను.